గోప్యత, వినయం: నిఘా సంస్థల నియామకాలలో ఒక నైతిక ప్రశ్న

ప్రస్తావన

ప్రభుత్వోద్యోగం ఎవరికి, ఏ పద్ధతిలో దక్కాలన్న ప్రశ్నకు భారత రాజ్యాంగం 16వ అధికరణలో సమాధానం చెప్పింది. ప్రభుత్వ నియామకాలలో పౌరులందరికీ సమానావకాశం ఉండాలన్నదే ఆ సమాధానం. ఉపాధ్యాయ నియామకాలలోనో, రెవెన్యూ శాఖలోనో ఈ సూత్రానికి భంగం కలిగిందన్న ఆరోపణ వస్తే దానిని పరీక్షించే మార్గాలున్నాయి. ప్రకటన, దరఖాస్తులు, మార్కుల జాబితా, రిజర్వేషన్ల రోస్టరు, ఎంపిక సంఘం నిర్ణయం అన్నీ కాగితం మీద ఉంటాయి. న్యాయస్థానం వాటిని తెప్పించుకొని చూడగలదు. అదే ఆరోపణ ఒక నిఘా సంస్థ మీద వచ్చినప్పుడు సమస్య స్వరూపమే మారిపోతుంది. అక్కడ ఉద్యోగుల పేర్లు, హోదాలు, ఒక్కొక్కప్పుడు ఆ ఉద్యోగం ఉన్నదన్న సంగతి కూడా రహస్యమే. ఆరోపించేవాడు నిరూపించలేడు, ఆరోపణకు గురైనవాడు ఖండించినా ఎవరూ నమ్మరు.

రాజ్యరక్షణ కోసం సమాజం అంగీకరించిన గోప్యత నియామక పద్ధతిని కూడా కప్పివేయవచ్చునా? కప్పివేస్తే నష్టపోయేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలను కౌటిల్యుని అర్థశాస్త్రం, భారతంలోని నారదనీతి, ఆధునిక చట్టాలు, కొన్ని దేశాల అనుభవాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధి వాకిలి, దొడ్డిదారి

పద్ధతి తప్పిన నియామకానికి తెలుగువారి వాడుకలో ఉన్న మాట ‘దొడ్డిదారి’. ఈ మాటలోని బొమ్మ ఆలోచింపదగినది. వీధి వాకిలి గుండా వచ్చినవాణ్ణి ఊరంతా చూస్తుంది. దొడ్డిదారిన వచ్చినవాణ్ణి ఆ ఇంటివారు మాత్రమే చూస్తారు. అతడు యోగ్యుడు కాడని ఈ మాట చెప్పదు. అతని రాకకు సాక్షులు లేరని మాత్రమే చెబుతుంది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2006లో ఉమాదేవి కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇటువంటి భేదాన్నే పాటించింది. మంజూరైన పోస్టులో అర్హుడైన వ్యక్తిని పద్ధతి తప్పి నియమిస్తే అది క్రమరహితం. అర్హతే లేకపోయినా, మంజూరైన పోస్టే లేకపోయినా అది చట్టవిరుద్ధం. అయితే ఈ రెంటినీ వేరుచేసి చూడాలంటే దస్త్రాన్ని చూసే హక్కు ఎవరికో ఒకరికి ఉండాలి.

నిఘా సంస్థ స్వభావరీత్యానే వీధి వాకిలి లేని ఇల్లని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. వాస్తవం ఇందుకు భిన్నం. ఇంటెలిజెన్స్ బ్యూరోలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టులకు కేంద్ర హోంశాఖ బహిరంగ ప్రకటన ఇస్తుంది, రాత పరీక్ష, ఇంటర్వ్యూ నిర్వహిస్తుంది. హైదరాబాదు అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలలో పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులకు ఈ ప్రకటన సుపరిచితమే. బ్రిటన్‌లో తరతరాలుగా విశ్వవిద్యాలయ ఆచార్యుల చెవిమాట మీద, కుటుంబ పరిచయాల మీద ఎంపికలు సాగేవి. అక్కడ ఎంఐ5 1997లోను, ఎంఐ6 2006లోను పత్రికలలో ఉద్యోగ ప్రకటనలు ఇచ్చాయి. అందువల్ల ఆ సంస్థల రహస్యాలు బయటపడలేదు. చేయబోయే పని రహస్యమైనంత మాత్రాన పనివాణ్ణి ఎంచుకొనే నియమం రహస్యం కానక్కరలేదని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

తెలిసినవారా, నమ్మదగినవారా?

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. నిఘా వృత్తిలో విశ్వాసమే తొలి అర్హత. మార్కులు జ్ఞానాన్ని కొలుస్తాయి గాని విధేయతను కొలవలేవు. అపరిచితుని గతాన్ని తవ్వి చూడటం కష్టం, పరిచితుని కుటుంబం ముందే తెలుసు. కాబట్టి ఇతర శాఖలలో ఆశ్రితపక్షపాతం అనిపించేది ఇక్కడ ముందుజాగ్రత్త అవుతుందని ఆక్షేపించేవారి వాదం. దీనిని తేలికగా తోసిపుచ్చరాదు.

ఈ వాదానికి చరిత్ర ఇచ్చిన అతి ఖరీదైన జవాబు కిమ్ ఫిల్బీ. 1912లో అంబాలాలో పుట్టిన ఫిల్బీ భారత సివిల్ సర్వీసు అధికారి కుమారుడు, కేంబ్రిడ్జి పట్టభద్రుడు. 1940లో బ్రిటిష్ గూఢచార సేవలో చేరేటప్పుడు అతని గురించి ఆ సంస్థలోని పెద్ద అధికారి వాలెంటైన్ వివియన్‌ను అడిగారు. పూర్వం భారతదేశంలో పోలీసు అధికారిగా పనిచేసిన వివియన్, ఆ కుటుంబం తనకు తెలుసునన్న భరోసా మీదనే సమ్మతి తెలిపాడు. అప్పటికే ఫిల్బీ సోవియట్ పక్షాన పనిచేస్తున్నాడు. తరువాత సోవియట్ వ్యతిరేక విభాగానికే అధిపతి అయి, 1963లో మాస్కోకు పారిపోయాడు. వంశం తెలియడం, మనిషి తెలియడం ఒకటి కావని ఈ వృత్తాంతం చెబుతుంది. సక్రమంగా ఎంపికైనవారిలో ద్రోహులు ఉండరని దీని అర్థం కాదు. ఏ పద్ధతీ అంతటి హామీ ఇవ్వలేదు. పరిచయం పరీక్షకు ప్రత్యామ్నాయం కాదన్నంత వరకే ఈ ఉదాహరణ రుజువు చేస్తుంది.

కౌటిల్యుడు ఈ విషయాన్ని మరింత లోతుగా గ్రహించాడు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో అమాత్యులను ధర్మ, అర్థ, కామ, భయాలనే నాలుగు ఉపధలతో పరీక్షించే ప్రకరణం ముందు వస్తుంది. గూఢపురుషుల నియామకం దాని వెంటనే వస్తుంది. ఉపధలకు నిలిచిన అమాత్యవర్గం ఉన్న రాజే గూఢపురుషులను ఏర్పరచుకోవాలని అతని విధానం. అంటే గూఢచారిని పరీక్షించడానికి ముందే, ఆ నియామకంలో రాజుకు తోడుగా నిలిచేవారు పరీక్షకు నిలవాలి. ఈ క్రమం యాదృచ్ఛికంగా ఏర్పడినది కాదు. ఎంపిక చేసే చేయి శుభ్రంగా లేకపోతే ఎంపికైనవాని యోగ్యత గురించిన చర్చ నిష్ప్రయోజనం. సత్త్రులనే సంచార గూఢచారుల వర్గానికి కౌటిల్యుడు చెప్పిన లక్షణం కూడా గమనింపదగినది. బంధువులు లేనివారు, రాజ్యం తప్పక పోషించవలసినవారు ఆ విద్యలు నేర్చి సత్త్రులవుతారు. నేడు బంధుత్వమే అర్హత అయిందన్న ఆరోపణలు వినిపిస్తున్న రంగంలో ఆనాడు బంధురాహిత్యమే ఒక అర్హత. అనాథను ఎంచుకోవడంలో కరుణ కంటె ప్రయోజనదృష్టే ఎక్కువన్నది నిజం. సమానావకాశం కౌటిల్యుని ఆదర్శం కాదు. అయినా గూఢచారి రాజ్యానికి తప్ప మరెవరికీ ఋణపడి ఉండకూడదన్న మెలకువ అందులో ఉంది.

ముగ్గురి మాట

ఈ ఋణం సంగతి సమస్యకు కేంద్రం. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్నది తెలుగు సమాజంలో బలంగా నాటుకున్న నీతి. దొడ్డిదారిన ఉద్యోగంలో చేరినవాడు తిన్నది ఎవరి ఉప్పు? జీతం ఖజానా ఇస్తుంది, కాని ఉద్యోగం ఇచ్చినది ఒక వ్యక్తి. ఆ వ్యక్తి మాటకు, రాజ్యహితానికి వైరుధ్యం వచ్చిన రోజున అతని కృతజ్ఞతే అతనికి సంకెల అవుతుంది. అతడు చెడ్డవాడు కానక్కరలేదు. కృతజ్ఞత అనే మంచి గుణమే అక్కడ చెడు చేస్తుంది.

ఇతర శాఖలలో కంటె నిఘా సంస్థలో దీని ఫలితం తీవ్రమైనది. పాలకునికి రుచించని నిజాన్ని చెప్పడం కోసమే ఆ సంస్థ ఉంది. గూఢచారుల సంస్థలు ఒకదానినొకటి ఎరుగరాదని, ముగ్గురి మాట ఏకమైనప్పుడే వార్తను నమ్మాలని కౌటిల్యుడు నియమం పెట్టాడు. ఈ నియమానికి బలం ముగ్గురి స్వతంత్రతలో ఉంది. ఆ ముగ్గురూ ఒకే చేతి చలువతో ఉద్యోగం పొందినవారైతే ముగ్గురి ఏకవాక్యం ఒకే గొంతు మూడు మార్లు పలకడమే. అది పాలకుని చెవికి నిర్ధారణలా వినిపిస్తుంది, నిజానికి ప్రతిధ్వని. అందుచేత క్రమం తప్పిన నియామకం ఒక నిరుద్యోగికి జరిగిన అన్యాయంతో ముగిసిపోదు. అది రాజ్యం తెలుసుకొనే శక్తినే దెబ్బతీస్తుంది. న్యాయం, భద్రత ఒకదానికొకటి అడ్డువస్తాయన్న వాదం ఇక్కడ నిలవదు. న్యాయమైన ఎంపిక భద్రతలో ఒక భాగం.

అవినీతి అనే పదం

భారతీయ చట్టంలో ఈ సమస్య ఒక పదం దగ్గరకు వచ్చి ఆగుతుంది. సమాచార హక్కు చట్టం, 2005లోని 24వ సెక్షను, రెండవ షెడ్యూలు కలిసి ఇంటెలిజెన్స్ బ్యూరోకు, రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్‌కు మినహాయింపు ఇచ్చాయి. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. ఇక సంస్థ లోపలి ఉద్యోగి సంఘం పెట్టుకోవడాన్ని, పత్రికలతో మాట్లాడటాన్ని 1985 నాటి నిఘా సంస్థల హక్కుల పరిమితి చట్టం కట్టడి చేస్తుంది. రాజ్యభద్రత దృష్ట్యా విచారణ లేకుండానే ఉద్యోగిని తొలగించే వీలును రాజ్యాంగం 311వ అధికరణ కల్పించింది. బయటివాడు అడగలేనిచోట, లోపలివాడు చెప్పలేనిచోట ‘అవినీతి’ అన్న ఒక్క పదమే తలుపు సందుగా మిగిలింది.

బంధువుకు ఉద్యోగం ఇవ్వడం అవినీతి అవుతుందా? సమాచార హక్కు చట్టం ఈ పదాన్ని నిర్వచించలేదు. వ్యవహారంలో అవినీతి అంటే లంచమనే ఇరుకైన అర్థం స్థిరపడింది. తెలుగు పదం మాత్రం అంత ఇరుకైనది కాదు. వినీతికి, అంటే శిక్షణకు, నియతికి, విరుద్ధమైనది అవినీతి. వినీతి, వినయం ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. గూఢపురుషుల నియామకం చెప్పిన అర్థశాస్త్ర భాగం పేరు వినయాధికారికం కావడం ఇక్కడ స్మరింపదగినది. ఆ గ్రంథకర్త దృష్టిలో గూఢచారిని ఎంచుకోవడం పాలకుని వినయానికి, ఇంద్రియజయానికి సంబంధించిన విషయం. తనవాడికి ఇవ్వాలన్న కోరికను నిగ్రహించుకోలేకపోవడం ఈ అర్థంలో అచ్చమైన అవినీతే. శబ్దవ్యుత్పత్తి న్యాయస్థానాన్ని కట్టివేయదు. కాని చట్టం నిర్వచించక వదిలిన పదానికి అర్థం చెప్పేటప్పుడు, డబ్బు చేతులు మారలేదు గనుక అవినీతి లేదనే వాదాన్ని తెలుగు నుడి సమర్థించదు.

ఆరోపణకు గురైనవారి పక్షం

ఇంతవరకు చర్చించిన నష్టాలు ఉద్యోగం దక్కనివారివి, పాలకులవి, పౌరులవి. నష్టపోయేవారు మరొకరు ఉన్నారు. 1968లో ఇంటెలిజెన్స్ బ్యూరో నుండి విడివడి ఏర్పడిన రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్‌లో అధికారుల బంధువులకు చోటు దక్కుతున్నదన్న విమర్శ ఏళ్ల తరబడి వినిపిస్తున్నది. అటువంటి సంస్థలో ఒక అధికారి కుమార్తె తన ప్రతిభతోనే ఎంపికై ఉండవచ్చు. ఆమె ఆ సంగతిని ఎలా రుజువు చేసుకుంటుంది? ఆమె మార్కులు ఎవరూ చూడరాదు, ఆమె పేరు ఎవరూ పలకరాదు. దోషిని కాపాడిన చీకటే నిర్దోషిని కూడా అనుమానంలో బంధించింది. తేలని ఆరోపణ అందరికీ సమానంగా అంటుకుంటుంది. కాబట్టి విచారణ కోరడం సంస్థకు శత్రుత్వం కాదు. ఆ సంస్థలో నిజాయతీగా పనిచేసేవారికి సమాజం చెల్లించవలసిన బాకీ అది.

విచారణ జరిపితే రహస్యాలు వీధిన పడతాయన్న భయానికి దక్షిణాఫ్రికా అనుభవం కొంత సమాధానం ఇస్తుంది. ఆ దేశపు స్టేట్ సెక్యూరిటీ ఏజెన్సీలో సాధారణ పద్ధతులను దాటి ఏజెంట్లను చేర్చుకున్నారని, సమాంతర వ్యవస్థలు నడిపారని ఆరోపణలు వచ్చాయి. 2018లో అధ్యక్షుడు సిరిల్ రామఫోసా మాజీ మంత్రి సిడ్నీ ముఫమాడి అధ్యక్షతన ఒక ఉన్నతస్థాయి సమీక్షా సంఘాన్ని నియమించాడు. ఆ సంఘం నివేదిక 2019 మార్చిలో, బయటపెట్టరాని భాగాలను నల్లసిరాతో కప్పి, ప్రజలకు అందింది. సంస్థ రాజకీయ వర్గాల చేతిలో చిక్కుకున్నదని ఆ నివేదిక నిర్ధారించింది. ఆరోపణలకు గురైనవారు వాటిని ఖండించారు, వాదం ముగియలేదు. ఇక్కడ గ్రహించవలసినది తీర్పు కంటె పద్ధతి. పేర్లు కప్పి ఉంచుతూనే పద్ధతిని ప్రజల ముందు పెట్టవచ్చునని ఆ నివేదిక చూపింది.

ముగింపు

భారతంలో నారదుడు ధర్మరాజును పరిపాలన గురించి ప్రశ్నించిన ఘట్టం నన్నయ సభాపర్వంలో ‘నారదనీతి’గా తెలుగు పాఠకులకు చిరపరిచితం. ఉత్తములను ఉత్తమమైన పనులలో, మధ్యములను వారికి తగిన పనులలో నియమిస్తున్నావా అన్నది ఆ ప్రశ్నలలో ఒకటి. సంస్కృత మూలంలో చారుల ద్వారా స్వపక్ష, పరపక్షాలను తెలుసుకుంటున్నావా అన్న ప్రశ్న కూడా అదే వరుసలో ఉంది. ఈ ప్రశ్నలను నారదుడు రాజును ఏకాంతానికి పిలిచి అడగలేదు. నిండుసభలో అడిగాడు. చారుల పేర్లు అడగలేదు, వారు ఎక్కడ తిరుగుతున్నారో అడగలేదు. రాజు తన విధిని సరిగా నిర్వర్తిస్తున్నాడా అన్నంత వరకే అడిగాడు. దాచదగినదానికి, చెప్పవలసినదానికి మధ్య గీత అక్కడ స్పష్టంగా ఉంది.

ఆ గీతను నేటి వ్యవస్థకు అన్వయిస్తే వ్యక్తి, అతని పని, అతని స్థలం గోప్యం. పోస్టుల మంజూరు, అర్హతలు, ఎంపిక నియమం, ఎంపిక చేసేవారి బంధుత్వాల వెల్లడి గోప్యం కానక్కరలేదు. ఈ రెంటికి మధ్యనుండే దస్త్రాలను ప్రజలందరూ చూడలేకపోయినా, నియమించిన అధికారికి లోబడని ఒక న్యాయాధికారో, పార్లమెంటు సంఘమో తప్పక చూడగలగాలి. నాలుగు ఉపధలు ముందుగా ఎదుర్కోవలసినది నియమించేవారే. ఆ పరీక్షకు వారు సిద్ధపడని చోట గోప్యత రాజ్యరక్షణకు ఉపకరించదు, దొడ్డి తలుపుకు గడియగా మాత్రమే మిగులుతుంది.