చేతిని బలపరచిన స్నేహితుడు

పఠనము: 1 సమూయేలు 23:14–18

సౌలు అనుదినము వెదకియు దావీదును పట్టుకొనలేకపోయెను. సౌలు కుమారుడైన యోనాతానో, లేచి తిన్నగా అతడు దాగియున్న జీఫు అరణ్యమునకు వచ్చెను. అతడు సైన్యమునుగాని ఆహారమునుగాని తెచ్చినట్లు వ్రాయబడలేదు. హెబ్రీ మూలములో అతడు బలపరచినది స్నేహితుని చేతిని, అదియు దేవునియందు. చేయి అను ఆ మాటను అనువాదకులు తేలికగా విడిచిపెట్టుదురు. కాని తరుమబడుచున్నవానికి మొదట వణకునది చేయియే గదా!

దావీదు బ్రదికియున్నంతకాలము తనకు రాజ్యము స్థిరపడదని యోనాతాను తండ్రి నోటనే వినియుండెను. అయినను స్నేహితుడు రాజగుననియు, తాను అతని తరువాతివాడనై యుందుననియు చెప్పగలిగెను. అంతకు ముందే తన దుప్పటిని, ఖడ్గమును, విల్లును, నడికట్టును అతనికిచ్చెను. మిక్మషు యుద్ధదినమున ఇశ్రాయేలు దండులో ఖడ్గము గలవారు సౌలును యోనాతానును మాత్రమే యని జ్ఞాపకముంచుకొనినయెడల, ఆ ఈవి విలువ తెలియును.

విడిపోవునప్పుడు ఆ యిద్దరు యోధులు ముద్దుపెట్టుకొని యేడ్చిరి. మన యిండ్లలో మగపిల్లవాడు కన్నీరు పెట్టిన, ఆడుపిల్లవలె ఏడ్చెదవేమని మందలింతురు. అట్లు పెరిగినవాడు వ్యాపారమునకు భాగస్థుని, తగవునకు సాక్షిని సంపాదించుకొనునుగాని, తన భయమును చెప్పుకొనదగిన స్నేహితుని సంపాదించుకొనలేడు. సంఘకాపరులలో ఈ ఒంటరితనము మరి యెక్కువ. వేదాంత పాఠశాలలో ఒకే గదిలో మోకరించి ప్రార్థించినవారు, ఒక పదవి ఖాళీ కాగానే ఒకరి ముఖము ఒకరు చూడకుండుటయు కలదు.

1906లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ప్రిన్సిపాలు కావలసివచ్చెను. రెండేండ్ల క్రితమే వచ్చిన ఆంగ్లేయుడు సి. ఎఫ్. ఆండ్రూస్‌కు ఆ స్థానము దొరకదగియుండెను. భారతీయుని నియమించుటకు మిషనులో కొందరు సంకోచించిరి. ఆండ్రూస్ మాత్రము, 1886 మొదలు అచ్చట బోధించుచున్న సుశీల్ కుమార్ రుద్రయే ఆ పీఠమునకు తగినవాడని పట్టుపట్టి, పిమ్మట ఆయన క్రిందనే ఉపాధ్యాయుడై పనిచేసెను. దొరలు ఏలుచున్న దినములలో ఇది చిన్న సంగతి కాదు. వారి స్నేహము 1925లో రుద్ర మరణించువరకు నిలిచెను.

యోనాతానుకు ఆ రెండవ స్థానమైనను దొరకలేదు. అరణ్యములో నిబంధన చేసికొని ఇంటికి తిరిగి వెళ్లెను. మరల వారు కలిసికొనినట్లు వ్రాయబడలేదు. తండ్రిని విడువక గిల్బోవ కొండమీద అతనితోకూడ కూలెను. దావీదు రాజైన తరువాత, యోనాతానునుబట్టి ఉపకారము చేయుటకు సౌలు ఇంటివారిలో ఎవడైన మిగిలియున్నాడా అని విచారింపగా, రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు లోదెబారులో కనబడెను. అప్పటినుండి అతనికి భోజనము రాజు బల్లయొద్దనే.