దేహమున సహవాసులు

“ఈ దేహము నాది” అని పలుకు మానవుడు అందు తానొక్కడే నివసించుచున్నట్లు తలచును. ఈ తలపు ఎంతవరకు సత్యము?

1683లో హాలెండు దేశమున, డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ తన దంతములపై పేరుకొనిన పాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు అతిసూక్ష్మ ప్రాణులను గూర్చి లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. రెండు శతాబ్దుల పిమ్మట పాశ్చర్, కోఖ్ ప్రభృతుల కృషిచే క్షయ, కలరా మున్నగు వ్యాధులకు సూక్ష్మజీవులే కారణమని తేలెను. ఆ జ్ఞానము అసంఖ్యాకుల ప్రాణములను కాపాడినది. కాని సూక్ష్మజీవి యనగా శత్రువే యను భావము కూడ దానితోపాటు జనుల మనస్సులలో నాటుకొనెను.

ఆ కాలముననే, 1879లో, జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ భిన్నజాతి జీవులు కలసి బ్రతుకుటను ‘సింబయాసిస్’, అనగా సహజీవనము, అని వ్యవహరించెను. ఆయన ఆ మాటలో పరాన్నజీవులను కూడ చేర్చెను. కలసియుండుట వేరు, పరస్పరము మేలు చేసికొనుట వేరు. ప్రేగులలో నెమ్మదిగానుండు ఇ. కోలి క్రిమియే మూత్రనాళమున చేరినచో వ్యాధి కలిగించును.

సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలు బ్రతికినవి గాని, వాని రోగనిరోధకశక్తి చక్కగా వృద్ధి పొందలేదు. 2016లో ప్రకటింపబడిన ఒక లెక్క ప్రకారము, 70 కిలోల పురుషుని దేహమున స్వీయకణములు సుమారు 30 లక్షల కోట్లు. బాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు. అయినను ఆ బాక్టీరియాల బరువు అన్నియు కలసి 200 గ్రాములే.

అట్లయిన ‘నేను’ అనువాడెవడు? జీవి ఏనాడును ఏకాకి కాదని గిల్బర్ట్, సాప్, టాబర్ అను మువ్వురు పండితులు 2012లో వాదించిరి. ఆ వాదమును అంగీకరించినను, మానవుని బాధ్యత తగ్గదు. క్రిమికి ధర్మాధర్మ విచక్షణ లేదు. అది మానవునికే కలదు.

ఇది వట్టి తర్కము కాదు. సాధారణమైన జలుబునకు కారణము వైరసు. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అయినను వైద్యుని అడుగక దుకాణమునుండి ఆ మందు తెచ్చి మ్రింగువారు కలరు. అందువలన నిరపరాధులైన సహవాసులు నశించును. మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగును. అవి పొరుగింటి పసిబిడ్డకును సోకవచ్చును. అవసరమైనచోట అదే మందు ప్రాణదాత. వైద్యుడు చెప్పినట్లు దానిని తప్పక వాడవలయును.

కావున ఈ దేహము తనదని గర్వించుటకంటె, తన సంరక్షణలో నున్నదని భావించుట వివేకము. కంటికి కానరాని వారియెడల చూపు మర్యాదయే కంటి ఎదుటనున్న పొరుగువానికి రక్షణ యగును.