మోయలేని భారము

ధ్యానభాగము: సంఖ్యాకాండము 11:10–17



చిలకలూరిపేట చుట్టుప్రక్కల పల్లెలలో మిరపకోతలు వచ్చెనంటే తల్లి తెల్లవారకమునుపే లేచి, అన్నము వండి, బిడ్డలను సగము నిద్రలో విడిచి కూలికి పోవును. తండ్రి కౌలుచేనికి నీళ్లు పెట్టి, పురుగుమందుల దుకాణములో బాకీ మాట పడి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరును. ఇంటిలో ఒక బిడ్డకు జ్వరము, ఒక బిడ్డకు కాలేజీ ఫీజు, మరియొక బిడ్డకు చెప్పినమాట వినని వయస్సు. మోకరించినను నోట మాట రాదు. “బిడ్డలు దేవుడిచ్చిన బహుమానమని గుడిలో విందుము గదా అయ్యగారూ, మాకెందుకు ఇంత విసుగు? మా విశ్వాసము చచ్చినదా?” అని అడుగువారు కలరు. వారిని మేము మోషే యొద్దకు తీసికొనిపోవుదుము.

అరణ్యములో ఇశ్రాయేలీయులు ఎవరి గుడారపు వాకిట వారు ఏడ్చుచుండిరి. దినదినము మన్నా దొరకుచుండగా, ఐగుప్తులో తినిన చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి కావలెనని మారాము చేసిరి. మోషే అలసిపోయెను. తాను కనని ఈ జనమును చంటిబిడ్డనువలె రొమ్మున ఎత్తుకొని నడువవలెనా, ఇది ఒక్కని వల్ల అగునా అని దేవునితో మొరపెట్టెను. తుదకు చావునైనను ఇమ్మని వేడుకొనెను.

ఇందులో మూడు సంగతులు గమనింతము.

మొదటిది, ఆ విసుగును మోషే దేవుని ఎదుటికే తెచ్చెను గనుక అది ప్రార్థన ఆయెను. ఆ మొరను దేవుడు అవిశ్వాసముగా ఎంచలేదు. అలసట పాపము కాదు.

రెండవది, మోషే చావు కోరగా దేవుడు ఆ కోరికను మాత్రము తీర్చలేదు. 2021లో నల్ల తామరపురుగు మన మిరపతోటలను ఊడ్చివేసెను. పంట పోయి అప్పు మిగిలిన ఇంటికి అట్టి చీకటి తలంపు క్రొత్త కాదు. ప్రియులారా, ఆ తలంపు వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకుడి. అర్ధరాత్రియైనను మా తలుపు తట్టుడి, పొరుగింటివారిని లేపుడి. వైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడకుడి.

మూడవది, దేవుడు భారమును తీసివేయలేదు, పంచుకొనుటకు డెబ్బదిమంది పెద్దలను ఇచ్చెను. వారు ఎక్కడనుండియో దిగివచ్చినవారు కారు, మోషే ఎరిగిన మనుష్యులే. అయితే మోషే వారిని పిలువవలసియుండెను. మనమో, నలుగురికి తెలిసిన పరువు పోవునని తలుపు మూసికొందుము. పిలువనివాడు ఎట్లు వచ్చును?

సంఘస్థులారా, ఈ మాట మీకును చెందును. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు అవివాహితురాలు. అయినను మన తల్లుల వ్యాధిభారమును తనదిగా ఎత్తుకొని, 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరచిరి. మనకు అంతటి సామర్థ్యము లేకపోవచ్చును. కాని బిడ్డలను పెంచి పెద్దచేసిన అవ్వలు కోతల దినములలో పొరుగింటి పసివారిని చూడవచ్చును. చదువుకొనిన యౌవనస్థులు సాయంకాలము గుడి అరుగుమీద పిల్లలకు పాఠములు చెప్పవచ్చును. సంఘపెద్దలు చందా పుస్తకముతో వచ్చుటయే గాక, ఊరక కూర్చుండి వినుటకును ఇల్లు దర్శింపవచ్చును.

ఇదంతయు చేసినను ఈ యేడు ధర రాకపోవచ్చును, అప్పు తీరకపోవచ్చును. అయినను ఒంటరిగా మోయుట వేరు, నలుగురు పట్టుట వేరు. గనుక ఈ వారము ప్రతి తల్లియు తండ్రియు తమ భారములలో ఒక్కదానిని పేరుపెట్టి దేవునితో చెప్పుడి. దానినే నమ్మకమైన ఒక మనిషితోకూడ చెప్పుడి. గర్భమునుండి తల నెరయువరకు తన ప్రజలను ఎత్తుకొనువాడు తానేయని దేవుడు యెషయా 46వ అధ్యాయములో సెలవిచ్చుచున్నాడు. బిడ్డను మోయు తల్లిని మోయువాడు ఒకడున్నాడు.

ప్రార్థన: తండ్రీ, అలసిన మా ఇండ్లను చూడుము. అడుగుటకు మాకు నోరిమ్ము, ఒకరి భారము ఒకరము ఎత్తుటకు చేతులిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.