కుమార్తె అడిగిన వంతు



కుమారుని ఇంజనీరు చదువు కొరకు పొలమమ్ముటకు వెనుదీయని తండ్రి, అంతే తెలివిగల కుమార్తెతో “నీకీ చదువు చాలునమ్మా” అనును. ఇది జాగ్రత్తయా, అన్యాయమా? గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు ప్రాంతముల తలిదండ్రులు దీనిని యోచింపవలెను. ఒకప్పటి వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్ కళాశాల ఆయెను గదా! 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసినది మొదలు కంప్యూటరు పనియు మనకు దూరదేశపు మాట కాదు.

సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేసికొనుడి. తండ్రికి కుమారులు లేరు; కుమార్తెలకు స్వాస్థ్యమిచ్చు మాట అప్పటి కట్టడలో లేదు. ఆ అయిదుగురు మోషే యెదుట నిలిచి తమ వంతు అడిగిరి. మోషే వారిని గద్దింపలేదు, ఆచారము చెప్పి పంపివేయలేదు. వారి మాటను దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు అడిగినది న్యాయమేయని దేవుడు సెలవిచ్చెను.

మన తెలుగువారిలోను అట్టి సంగతి జరిగెను. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసున జన్మించిరి. పదునెనిమిదవ యేటనే విధవరాలైరి. అప్పటికి ఒడిలో నాలుగు నెలల ఆడశిశువు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఉపాధ్యాయులు. స్త్రీలను చేర్చుకొనని ఆ కళాశాలలో కుమార్తె కొరకు ఆయన అనుమతి అడిగి సంపాదించిరి. పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జిగారలును అక్కడ చేరిరి. లలితగారి పట్టాలో “అతడు” అనియే అచ్చువేయబడి యుండగా, దానిని కొట్టివేసి “ఆమె” అని వ్రాయవలసి వచ్చెను. కాగితము దిద్దబడెను, విద్య మాత్రము ఆమె స్వంతమే. తరువాత కలకత్తాలోని కంపెనీలో పని చేయుచు భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్తు పనిలో పాలుపొందిరి. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల అంతర్జాతీయ సభకు వెళ్లిరి.

“అయితే బిడ్డను ఎవరు చూతురు? ఇల్లు ఏమగును?” అని కొందరందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. లలితగారు కలకత్తాలో సహోదరుని యింట నుండిరి; ఆ యింటివారు బిడ్డను ఆదరించిరి. ఒకరి తలాంతు వృద్ధి పొందవలెనన్న మరియొకరు భారము మోయవలెను. ఆ మోయువారు ఎల్లప్పుడును స్త్రీలేనా? నేడు కోడలి సంబళము కావలెను గాని ఆమె వంటపని తగ్గరాదనెడు ఇండ్లు లేవా? అది కుమార్తెను పైకెత్తుట కాదు, ఒక కాడిపై మరియొక కాడి మోపుటయే.

దూరపు పట్టణములో భయము లేదని నేను చెప్పను. సురక్షితమైన బస, నమ్మకమైన స్నేహము చూచి పంపుడి. ఆ జాగ్రత్త కుమారునికిని అవసరమే. భయమును కుమార్తెకు మాత్రమే కొలిచి యిచ్చుట జాగ్రత్త కాదు.

తలాంతును పాతిపెట్టిన దాసుడు లెక్క అప్పగింపవలసి వచ్చెను. కుమార్తె చేతిలోని తలాంతును మనమే పాతిపెట్టినయెడల ఆ లెక్క ఎవరినడుగుదురు?