కోరి మోసే బరువు



21 కిలోమీటర్ల 97 మీటర్లు, ఆ పైన ఇంకో అర మీటరు. హాఫ్ మారథాన్ అంటే అంత దూరం. మన పట్టణ విచారణల్లో ఈ మాట ఇప్పుడు కొత్తేమీ కాదు. బ్యాంకు ఉద్యోగి, కాలేజీ లెక్చరరు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కాస్త తీరిక దొరికిన తల్లి, షుగరు వచ్చిందని డాక్టరుగారు హెచ్చరించిన మేనమామ, ఇలాంటివాళ్ళే తెల్లవారకముందే లేచి, బూట్ల తాళ్ళు బిగించి, వీధికుక్కలను తప్పించుకుంటూ పరుగెత్తుతున్నారు. హైదరాబాదులో ఏటా ఆగస్టు నెలాఖరున జరిగే పరుగుకు కొందరు, విశాఖ బీచిరోడ్డుమీద నేవీవారు జరిపే పరుగుకు కొందరు పేరిస్తున్నారు. హైదరాబాదు పరుగులో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. విశాఖలో ఉక్కపోతను ఓర్చుకోవాలి.

వీళ్ళను పరుగెత్తమని ఎవరూ అడగలేదు. దీనివల్ల జీతం పెరగదు. మొదటి బహుమతి వస్తుందన్న ఆశ కూడా లేదు. అటువంటివారిని ఇంగ్లీషులో ‘అమెచ్యూర్’ అంటారు. ఆ మాటకు మూలం లతీనులో ‘ప్రేమించు’ అనే క్రియ. ఇష్టంకొద్దీ చేసేవాడని అర్థం. ఇష్టంకొద్దీ ఇంత కష్టం తెచ్చుకోవటం మంచిదేనా? ఈ కష్టానికి దేవుని ముందు ఏమైనా విలువ ఉందా? విచారణల్లో అప్పుడప్పుడూ వినబడే ఈ ప్రశ్నను ఈ వారం మనం కలిసి ఆలోచిద్దాం.

ముందుగా, శ్రీసభకు శరీరమంటే చిన్నచూపు అనే అపోహను పక్కన పెట్టండి. పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ తొమ్మిదవ అధ్యాయంలో పరుగుపందెం ప్రస్తావన తెచ్చారు. ఎందుకంటే ఆ ఊరివారికి అది కళ్ళెదుటి విషయం. కొరింతు పక్కనే రెండేళ్ళకొకసారి ఇస్త్‌మియా క్రీడలు జరిగేవి. గెలిచినవాడి తలకు దేవదారుజాతి చెట్టు ఆకులతోనో, సెలెరీ అనే ఆకుకూరతోనో అల్లిన కిరీటం పెట్టేవారు. నాలుగు రోజుల్లో వాడిపోయే ఆ ఆకులకోసం వారు తిండిలో, నిద్రలో, అన్నిటిలో నిగ్రహం పాటించేవారు. మరి వాడని కిరీటంకోసం మనం ఎంత పాటించాలి అన్నది పౌలుగారి వాదన. (మారథాన్ అనే పందెం మాత్రం ఆయన కాలంలో లేదు. 1896లో ఏథెన్సు ఒలింపిక్సుకోసం కల్పించినది అది.) 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2288, 2289 పేరాలు చూడండి. ప్రాణమూ ఆరోగ్యమూ దేవుడిచ్చిన వరాలనీ, వాటిని జాగ్రత్తగా చూసుకోవాలనీ ఒక పేరా చెబుతుంది. శరీరాన్నే విగ్రహంగా నిలబెట్టి, ఆటల్లో గెలుపుకోసం సర్వమూ బలిచేయటం తగదని రెండవ పేరా హెచ్చరిస్తుంది. 2019 జనవరిలో వాటికన్‌లోనే ఒక పరుగుల సంఘం ఏర్పడింది. పేరు ‘అత్లేతికా వాటికానా’. స్విస్ గార్డులు, గురువులు, మఠకన్యలు, వాటికన్ ఉద్యోగులు అందులో సభ్యులు. కాబట్టి పరుగు తప్పా అనే ప్రశ్నకు జవాబు సులభం. తప్పు కాదు.

ఆదివారం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఈ పరుగులన్నీ దాదాపు ఆదివారం తెల్లవారుజామునే జరుగుతాయి. సాధనలో భాగంగా వారానికొకసారి చేసే సుదీర్ఘ పరుగు కూడా ఎక్కువమందికి ఆదివారమే కుదురుతుంది. ‘పరుగు ఉంది, ఈ వారం పూజకు రాలేను ఫాదర్’ అనే మాట చెల్లదు. 1983 నాటి శ్రీసభ చట్టం 1248వ నిబంధన ప్రకారం శనివారం సాయంత్రపు పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత నెరవేరినట్లే. సాయంత్రం పూజ జరిగే విచారణలు పట్టణాల్లో తక్కువేమీ కాదు. ఇక పరుగు ముగించుకొని నేరుగా గుడికి వచ్చేవారికి ఒక చిన్న సంగతి. దివ్యసత్ప్రసాదం స్వీకరించటానికి గంటముందునుంచీ ఉపవాసం ఉండాలి గదా. మంచినీళ్ళు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. అరటిపండు, గ్లూకోజు నీళ్ళు భంగపరుస్తాయి. వేళ చూసుకొని తినండి.

ఇంతవరకూ నియమాల మాట. అసలు చిక్కు వీటిలో లేదు.

సాధన ఎలా సాగుతుందో దగ్గరగా గమనించారా? సాధారణంగా పన్నెండు వారాల పట్టిక ఒకటి ఉంటుంది. ఏ రోజు ఎంత దూరం, ఎంత నెమ్మదిగా, ఏ రోజు విశ్రాంతి అన్నీ అందులో వ్రాసి ఉంటాయి. సుదీర్ఘ పరుగు ఆరేడు కిలోమీటర్లతో మొదలై, వారానికి కొంచెం చొప్పున పెరుగుతూ, పదహారు పద్దెనిమిదికి చేరుతుంది. వేగం ఎంత ఉండాలంటే, పక్కవాడితో మాట్లాడగలిగేంత. కొత్తవాళ్ళు చేసే పొరపాటంతా అక్కడే. ఊపిరి ఆడనంత వేగంగా పరుగెత్తితేనే సాధన అనుకుంటారు, మూడో వారానికి మోకాలు పట్టుకొని కూర్చుంటారు. చివరి రెండు వారాలూ దూరం తగ్గించేస్తారు. ఎందుకంటే, కండరం బలపడేది పరుగెత్తేటప్పుడు కాదట, పరుగు ఆపి పడుకున్నప్పుడట. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచిన విల్లు విరిగిపోతుందని యోహానుగారు ఒక వేటగాడితో అన్నట్లుగా చెప్పుకునే పాత కథను పునీత తోమాసు అక్వినాసుగారు ఎత్తిచూపి, మనసుకు విశ్రాంతి, ఆట అవసరమని బోధించారు. పరుగుల గురువులు అదే మాట కాళ్ళకు చెబుతున్నారు.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ కాగితానికి దొరికే విధేయత. తండ్రి మాట వినని కుర్రవాడు ఆ పట్టిక మాట వింటాడు. ‘రాత్రి పడుకునేముందు ఒక జపమాల చెబుదాం’ అని అమ్మ పిలిస్తే నిద్ర వస్తోందనే పెద్దమనిషి, ఆ కాగితం చెప్పిందని నాలుగున్నరకు అలారం మోగకముందే లేస్తాడు. వాన పడినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా, ఆ రోజు వంతు ఎనిమిది కిలోమీటర్లు పూర్తిచేస్తాడు. దేవుని ఆజ్ఞకు, గురువుల ఉపదేశానికి, ఇల్లాలి మొరకు దొరకని విధేయత ఎవరో తెలియనివాడు తయారుచేసిన పట్టికకు ఎలా దొరికింది?

నాకు తోచిన కారణాలు చెబుతాను. మొదటిది, ఆ కష్టం లెక్కకు వస్తుంది. ఎనిమిది అంటే ఎనిమిదే. చేతిగడియారం చూపిస్తుంది. మంచాన పడిన తల్లికి రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చిన కొడుకుకు ఏ గడియారమూ లెక్క చూపించదు. ఇంకోటి, ఆ కష్టానికి ముగింపు తేదీ ఉంది. పన్నెండు వారాలు ఓర్చుకుంటే మెడలో పతకం పడుతుంది, ఫోటో తీస్తారు. తాగుబోతు తమ్ముణ్ణి భరించే అక్కకు ఫలానా ఆదివారంతో ఇది ముగుస్తుందని చెప్పేవారెవరు? అన్నిటికంటే పెద్ద కారణం, ఆ కష్టాన్ని మనమే ఎంచుకున్నాం. మనం ఎంచుకున్నది ఎంత బరువైనా తేలికే. మన మీద పడినది పిడికెడైనా కొండే.

సిలువమార్గంలో ఐదవ స్థలం దగ్గర మోకరించినప్పుడు కురేనియ సీమోనును తలచుకుంటాం. అతడు ఊరి బయటినుంచి వస్తున్నాడు. సైనికులు పట్టుకొని, బలవంతంగా సిలువ ఎత్తించారు. అతడు దానికి సాధన చేయలేదు, పేరు ఇవ్వలేదు. ఆ రోజు అతడి పనులు అతడికి ఉండే ఉంటాయి. ప్రభువుతోపాటు ఆ దారిలో సిలువ మోసినవాడు అతడొక్కడే. మార్కుగారు అతడి కొడుకుల పేర్లు కూడా వ్రాసిపెట్టారంటే, ఆ మోత ఆ ఇంటిని ఎంత మార్చి ఉంటుందో మీరే ఊహించండి.

పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్‌వారు 1609లో ప్రచురించిన భక్తిజీవన గ్రంథంలో గృహస్థులకు దీనినే నేర్పించారు. మనం ఏరుకున్న తపస్సులకంటే ఇంట్లో ఎదురయ్యే చిన్న చిన్న చికాకులే మేలంటారు ఆయన. తలనొప్పి, పంటినొప్పి, భర్త విసుగో భార్య విసుగో, పగిలిన గ్లాసు, పోయిన చేతి తొడుగు, ఇవీ ఆయన ఇచ్చిన ఉదాహరణలు. బిషప్పుగారు పగిలిన గ్లాసు గురించి కూడా ఆలోచించారు చూడండి!

‘అలాగైతే కోరి చేసే కష్టానికి విలువే లేదా? తపస్సుకాలంలో మాంసం మానటం కూడా కోరి చేసేదే గదా’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఉపవాసం కూడా సాధనే. కడుపు కోరినప్పుడు కాదనటం నేర్చుకున్నవాడు, నాలుక కోరినప్పుడు కూడా కాదనగలడేమోనని ఆ ఏర్పాటు. పరుగునుంచి కూడా అటువంటి బలం రావచ్చు. అయితే అది దానంతట అది రాదు. దొంగ కూడా రాత్రి రెండింటికి అలారం లేకుండానే లేస్తాడు. అతడి క్రమశిక్షణ తక్కువేమీ కాదు. పద్ధెనిమిదో కిలోమీటరు దగ్గర కాళ్ళు మొరాయించినప్పుడు ఇంకొక్క అడుగు వేయగలిగిన మనిషి, సోమవారం సాయంత్రం ఆఫీసునుంచి ఇంటికి వచ్చి, కూతురు మూడోసారి అడిగిన లెక్కను విసుక్కోకుండా మూడోసారి చెప్పగలిగాడా లేదా అన్నదే నేను చూస్తాను. చెప్పలేకపోతే ఆ బలమంతా కాళ్ళలోనే ఆగిపోయిందన్నమాట.

ఈ పరుగు గంటలు ఎవరివి అన్నది కూడా ఆలోచించండి. వారానికి నాలుగు రోజులు, తయారు కావటం, తిరిగి రావటం కలుపుకుంటే ఐదారు గంటలు. పన్నెండు వారాలకు అరవై, డెబ్బై గంటలు. అవి ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఆయన పరుగెత్తి వచ్చేసరికి పాలు కాచినవారు, పిల్లలకు జడలు వేసినవారు, టిఫిను డబ్బాలు సర్దినవారు ఒకరున్నారు. ఆదివారం రెండు గంటలు పరుగెత్తి వచ్చి, మధ్యాహ్నమంతా సోఫాలో కాళ్ళు చాపుకొని పడుకుంటే, ఆ ఇంట్లో అలసిపోయినది ఆయనొక్కడేనా?

అదే ఇంట్లో భార్య పరుగెత్తుతానంటే ఏమవుతుందో చూడండి. ఆయన వెళితే ‘ఆరోగ్యం మీద శ్రద్ధ’ అంటారు. ఆమె వెళితే ‘ఇంటిపని ఎవరు చూస్తారు?’ అని అత్తగారు, ‘ఈ వయసులో ఇదేం సరదా?’ అని పక్కింటివారు అడుగుతారు. ఒలింపిక్సులో స్త్రీలకు మారథాన్ పెట్టింది 1984లోగాని కాదు. అంత దూరం ఆడవారి శరీరం తట్టుకోలేదనే వాదన అంతకాలం నడిచింది. శరీరం తట్టుకుంటుందని అక్కడ తేలిపోయింది. మన ఇళ్ళలో ఇంకా తేలవలసినది, ఆమెకు ఉదయం ఒక గంట ఇవ్వటాన్ని మనం తట్టుకుంటామా అన్నది. భర్తకు ఉన్న గంట భార్యకు లేకపోతే అది అన్యాయం, దానికి మెత్తని పేరు వెతకనక్కరలేదు. ఆమె వెళ్ళిన రోజున పాలు ఆయన కాచవచ్చు.

ఈ పరుగుల్లో నాకు బాగా నచ్చినవాడు ‘పేసర్’. ఫలానా వేళకు గమ్యం చేరతానని రాసిన జెండా పట్టుకొని, మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో పరుగెత్తుతాడు. అతడికి ఇంకా వేగంగా పరుగెత్తటం వచ్చు. కాని ఆ రోజు తన వేగాన్ని పక్కన పెట్టి, వెనకబడేవారికోసం వారి వేగంతో నడుస్తాడు. చూపులేని పరుగరి చేతికీ తన చేతికీ ఒక చిన్న తాడు కట్టుకొని, మలుపులు చెబుతూ పక్కనే పరుగెత్తేవారు కూడా ఉన్నారు. అతడు అడుగు కుదిస్తే తామూ కుదించాలి.

చిన్న తెరేసమ్మగారి ఆత్మకథ చదివినవారికి మఠంలోని ముసలి సిస్టరు గుర్తుంటారు. పేరు సిస్టర్ సెయింట్ పియేర్. నడవలేని ఆమెను రోజూ సాయంత్రం గుడిలోనుంచి భోజనశాలకు తీసుకువెళ్ళే పనికి తెరేసమ్మ తానే ముందుకు వచ్చింది. ఆమెను మెప్పించటం చాలా కష్టమని ముందే తెలుసు. కొంచెం త్వరగా నడిస్తే, పడిపోతాను, ఎందుకంత తొందర అని గొణుగుడు. నెమ్మదిగా నడిస్తే, నీ చెయ్యి తగలటం లేదు, నన్ను వదిలేశావా అని గొణుగుడు. చిన్నపిల్లవు నీకేం చేతనవుతుందని పైనుంచి ఒక మాట. ఆ నడక పొడవు ఒక వరండా అంత. ఏ గడియారమూ దాన్ని కొలవలేదు. గమనించండి, ఆ పనిని కూడా తెరేసమ్మ కోరే తీసుకుంది. కాని ఎంత వేగంగా నడవాలో మాత్రం ముసలి సిస్టరు చేతిలో పెట్టింది. భోజనశాలలో కూర్చోబెట్టాక, ఆమె రొట్టె కోసుకోలేక అవస్థపడటం చూసి, ఎవరూ చెప్పకుండానే రోజూ రొట్టె కోసి ఇచ్చి, ఒక చిరునవ్వు నవ్వి మరీ వెళ్ళేది.

వచ్చే ఆదివారం మీ పట్టికలో పదహారు కిలోమీటర్లు ఉన్నట్లయితే, శనివారం సాయంత్రం పూజ ఎన్ని గంటలకో గుడి బోర్డుమీద చూసుకోండి. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు డాక్టరుగారికి చూపించుకోకుండా దూరం పెంచవద్దు. పట్టికను బీరువా తలుపుకు అంటించేముందు ఇంట్లోవారికి ఒకసారి చూపించండి. వారికి కూడా ఒక పెన్సిలు ఇవ్వండి.