ఊరికే చూసి రావడానికి

దక్షిణాఫ్రికాలో సేవ చేస్తున్న మా పాస్టరయ్యనూ పాస్టరమ్మనూ ఒకసారి వెళ్లి చూసి వద్దామన్న మాట మా సంఘంలో లేచినప్పుడు, వద్దన్నవాళ్లే ఎక్కువ మంది. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. వర్ధన్నపేట చుట్టుపక్కల మా సంఘాలేవీ కలిగినవాళ్లవి కావు. ఉంటే ఎకరమో రెండెకరాలో వరి, కొంచెం పత్తి, మిగతా రోజుల్లో కూలి. యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్లో కాంటా అయి, పైసలు ఖాతాలో పడితే తప్ప కానుకల సంచిలో పెద్ద నోటు కనపడదు. ఆ దంపతులకు నెలనెలా పంపే సొమ్ములో చాలా భాగం పిడికెడు బియ్యానిది. పొద్దున ఎసట్లో పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చిలో ఒక్కచోట పోసి, తూకం వేసి అమ్ముతాం. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసిన ఆ కుప్పకు బజారులో మంచి ధర రాదు. అలా కూడబెట్టిన సొమ్ము గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా ఆచితూచే మాట్లాడాలి.

"గంత దూరం పోయి ఏం జేస్తరక్కా? ఆ టికెట్ల పైసలు వాళ్లకే పంపుదాం, పనికొస్తయి" అన్నాడు మా సంఘ పెద్ద ఒకాయన.

ఏమీ చెయ్యం, చూసి వస్తాం అన్నాను. ఆయనకు అది జవాబుగా ఆనలేదు. నిజానికి చుట్టాల్లో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే చేతిలో పని ఆపి, తొర్రూరు బస్సో ఖమ్మం బస్సో ఎక్కి పోయి, మంచం పక్కన ఓ పూట కూర్చుని వచ్చే మనిషే ఆయన. అక్కడ ఆయన చేసే వైద్యం ఏమీ ఉండదు. అయినా పోకుండా ఉండలేడు. అలాంటి మనిషికి కూడా, మేమే చేతులుంచి ప్రార్థించి పంపిన ఇద్దరి దగ్గరికి పోవడానికి వేరే కారణం ఎందుకు కావాల్సి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

నాకు తోచిన సమాధానం తెలుగు బాప్టిస్టు మిషన్ చరిత్రలో ఉంది. ఆ మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీల దగ్గర మనవాళ్లు చదువు నేర్చుకున్నారు, వైద్యం నేర్చుకున్నారు. 1879లో వాళ్లు హనుమకొండలో కేంద్రం పెట్టకపోతే మా వైపు ఎన్నో కుటుంబాల్లో మొదటి అక్షరం ఇంకా ఆలస్యమయ్యేది. ఆ రుణం తీరేది కాదు. వాటితోపాటే లెక్క అడగడం కూడా వాళ్ల దగ్గర నేర్చుకున్నాం. శామ్యూల్ డే 1836లో తెలుగు నేల మీద అడుగుపెట్టాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు బహు కొద్దిమంది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో, ఈ మిషన్‌ను కొనసాగించాలా మూసేయాలా అన్న చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉన్న కేంద్రం అని ఎవరో అన్న మాట నుంచే దానికి ‘లోన్ స్టార్’ అన్న పేరు వచ్చింది. 1862లో మళ్లీ అదే చర్చ. అప్పుడు స్వదేశంలో ఉన్న మిషనరీ లైమన్ జూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను మాత్రం తిరిగి వెళ్తానన్నాడు. మూసేయాలన్న మాట ఆగిపోయింది.

ఈ కథను మా సభల్లో ఎలా ముగిస్తారో ప్రతి విశ్వాసికీ తెలుసు. జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అది అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చెప్పగానే సభ అంతా హల్లెలూయా అంటుంది. ఆల్బనీ సభకు అది సరైన జవాబని మా నమ్మకం.

నాకు ఆ హల్లెలూయా దగ్గర మనసు కలుక్కుమంటుంది. ఆ సంఖ్య రాకపోయి ఉంటే? 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్, ఆయన భార్య, ఇక్కడి విశ్వాసులు ముగ్గురు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఐదుగురే. కింద ఊళ్లన్నీ నిద్రలో ఉన్నాయి. గుండ్లకమ్మ సంగతి వాళ్లకేం తెలుసు? ఆ తరవాత ఇరవై నాలుగేళ్లకు ఏమీ జరగకపోయినా ఆ ఐదుగురు ఆ కొండ ఎక్కడం విలువైన పనేనని నేను నమ్ముతాను. ఇది నమ్మలేకపోతే మనం పంపేది మనుషులను కాదు, పెట్టుబడిని. పెట్టుబడిని ఎవరూ పలకరించడానికి పోరు. లెక్క చూసుకోవడానికే పోతారు.

చివరికి స్త్రీల సమాజం పట్టుబట్టడంతో ఇద్దరం వెళ్లేందుకు సంఘం సరే అంది. ఎవరి టికెట్ వాళ్లదే, పిడికెడు బియ్యం సొమ్ములో ఒక్క రూపాయి ముట్టొద్దన్నది మేమే పెట్టిన షరతు.

పని పాస్‌పోర్టుతో మొదలైంది. నాతో వచ్చే పెద్దక్కకు రెండు పేర్లు. రేషన్ కార్డులో, ఉపాధి హామీ జాబ్ కార్డులో ఉన్నది అమ్మానాన్న పెట్టిన పేరు. చర్చి రిజిస్టర్లో, పెళ్లి కాగితంలో ఉన్నది బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. ఆధార్‌లో రెండూ కలిసిపోయి మూడోది తయారైంది. ఇలా రెండు పేర్లతో బతికేవాళ్లు మా సంఘాల్లో చాలామంది ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర బీసీ-సి కింద లెక్క. దేవుణ్ని మార్చుకున్నంత మాత్రాన వాడకట్టు మారలేదు, బావి దగ్గర మాట మారలేదు. కాగితంలో మాత్రం మనిషి మారాలి. అందుకే కొన్ని ఇళ్లలో పిల్లల చదువు కోసం పాత పేరు అలాగే నిలిచిపోయింది. దాన్ని మోసం అనేవాళ్లతో నాకు మాటల్లేవు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ కాగితాలన్నీ తిరగేసి, "అవ్వా, ఇండ్ల నువ్వెవరివే?" అని అడిగాడు. "ఇద్దరు నేనే బిడ్డా" అంది పెద్దక్క, చాలా నిమ్మళంగా. ఆ పిల్లవాడు నవ్వలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఏ కాగితం ముందు సరిచేయించుకోవాలో ఓపిగ్గా రాసిచ్చి వెళ్లాడు.

దరఖాస్తులో ఒంటి మీది గుర్తులేమిటని ఒక గడి ఉంటుంది. అది నింపుతుంటే నాకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను తీసుకెళ్లిన ఓడల జాబితాలు గుర్తొచ్చాయి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ మొదలుకొని 1911 వరకూ, ఒప్పందపు కూలీలుగా లక్షన్నర మందికి పైగా మన దేశం నుంచి అక్కడికి వెళ్లారు. వాళ్లలో విశాఖ, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. జాబితాలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు. ఆ మనిషికి దేవుడున్నాడా, పాట వచ్చా, వెనక ఎవరు ఏడుస్తున్నారు అన్న గళ్లు లేవు. చెరకు తోటలకు అవి అక్కర్లేదు మరి.

ఆ కూలీలు చేరిన నేటాల్‌కే 1903లో ఒక తెలుగువాడు కూలీగా కాకుండా వెళ్లాడు. పేరు జాన్ రంగయ్య. నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ హోమ్ మిషన్ సొసైటీ తరఫున ఆయన్ను పంపాయి. స్టాంగర్ దగ్గర కియర్స్‌నీ తేయాకు తోటలో పనిచేసే తెలుగువాళ్ల మధ్య నిలిచి, అదే ఏడాది డిసెంబరులో సంఘం కట్టాడు. 1915లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. గడువు తీరాక తిరిగి ఒప్పందం రాయని కూలీ మీద ఏటా మూడు పౌన్ల పన్ను వేసిన కాలం అది. దాని మీదే 1913లో గాంధీ వెనక వేలమంది కూలీలు సమ్మెకు దిగారు. రంగయ్య మాటలు విన్నవాళ్లు ఆ పన్ను కట్టలేక నలిగినవాళ్లే.

అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంతంగా ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ సొసైటీ పనిచేసే చోటుగా ఎంచుకున్నది నైజాంలోని మా డోర్నకల్ ప్రాంతం. దానికి ముందు ఏడాది, ఆ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకడైన వి.ఎస్. అజరయ్య సముద్రం దాటి జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమవాళ్లను వేరే చోట్లకు సువార్త పనికి పంపుతుంటే చూశాడు. ఆ చూపుతోనే ఇంటికొచ్చి ఈ పనికి పూనుకున్నాడు, తరవాత తానే డోర్నకల్ వచ్చి గుడారంలో కాపురం పెట్టాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. చూసి రావడం వల్ల ఏమొస్తుందని అడిగిన మా పెద్దమనిషికి జాఫ్నా సంగతి చెప్పవచ్చు. కానీ చెప్పను. అది కూడా ఫలితం చూపించి ఒప్పించడమే అవుతుంది.

దుబాయ్ మీదుగా డర్బన్ చేరేసరికి అక్కడ చలికాలం. ఇక్కడ రోహిణి కార్తె ఎండలకు పగుళ్లిచ్చిన నేల వదిలి వెళ్లిన మాకు, స్టాంగర్ దారి పొడుగునా రెండు వైపులా మనిషెత్తు చెరకు పచ్చగా కనిపించింది. పెద్దక్క కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి, "గీ పొలాలన్నీ మనోళ్లు కొట్టినయేనా?" అని అడిగింది. కారు నడుపుతున్న పాస్టరయ్య వెంటనే మాట్లాడలేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక ఆయన లోపలి నుంచి ఒక లావాటి ఫైలు తెచ్చి మా ముందు పెట్టాడు. నెలవారీ హాజరు, ఇంటి సందర్శనలు, ఫొటోలు, ఖర్చు రసీదులు. ఎన్నాళ్ల నుంచి సర్దిపెట్టాడో, అంచులన్నీ ఒక్క వరసలో ఉన్నాయి. పాస్టరమ్మ వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడి మా మొహాలు చూస్తోంది. పెద్దక్క ఆ ఫైలును మెల్లగా పక్కకు జరిపి, "అది తర్వాత జూద్దాం అయ్యా. మీ నాయిన పోయినప్పుడు రాలేకపోతివి. ఎట్ల ఓర్సుకున్నవ్?" అంది.

ఆయన చాలాసేపు ఏడ్చాడు. వీడియో కాల్‌లో తండ్రిని సమాధి చేయడం చూశానని, మధ్యలో సిగ్నల్ పోయి మట్టి వేసే దగ్గర ఏమీ కనపడలేదని చెప్పాడు. ఆ తరవాతి ఆదివారం మామూలుగానే వాక్యం చెప్పాడట, ఎవరికీ తెలియనివ్వలేదట. అక్కడి పిల్లలకు తెలుగు రాదు. ఆయనకు వచ్చిన ఇంగ్లిషులో చెప్పే ప్రసంగం ఆయనకే చప్పగా ఉంటుంది. ఒక్కోసారి, నేను వీళ్లకు అవసరమా అనిపిస్తుంది అక్కా అన్నాడు. నెలనెలా మాకు వచ్చే రిపోర్టులో ఈ మాట రాసే చోటేదీ లేదు. రాస్తే మాలో కొందరు సొమ్ము ఆపేద్దామనేవాళ్లు కూడా. అది ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, మీ త్యాగాలు గొప్పవే గానీ మాకు మీ స్నేహం కావాలని అడిగాడు. ఆ ప్రసంగాన్ని ఇన్నేళ్లూ ఒకవైపు నుంచే చదువుకున్నాం. మిషనరీ స్నేహితుడు కావాలి, నిజమే. మరి మిషనరీకి స్నేహితులెవరు? పంపినవాళ్లకు అతను రిపోర్టు, చేర్చుకున్నవాళ్లకు పరాయి ఊరి అయ్యగారు. ఇద్దరి ముందూ బలంగా కనపడాలి. అలసిపోయానని చెప్పుకోవడానికి ఒక్క గుమ్మం లేని మనిషి దేవుడి ప్రేమ గురించి ప్రతి వారం ఎలా చెప్పగలడు? పంపడం అనే పని విమానాశ్రయంలో దండ వేసినప్పుడు అయిపోదని, వెళ్లి పక్కన కూర్చున్నప్పుడే అది నిండుతుందని నేను అక్కడ నేర్చుకున్నాను.

ఆదివారం ఆరాధనలో ఒక ముసలమ్మ పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంది. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం చూసి పాడుతోంది. ఒత్తులు తప్పుతున్నాయి, రాగం మాత్రం మా అమ్మ పాడినదే. పెద్దక్క వెళ్లి ఆమె పక్కన నిలబడి గొంతు కలిపింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. కూటం అయ్యాక ఆ ముసలమ్మ పెద్దక్క చెయ్యి వదల్లేదు. నువ్వు ఏ ఊరిదానివని ఆమె ఇంగ్లిషులో అడిగితే నేను పెద్దక్కకు తెలుగులో చెప్పాను. పెద్దక్క చెప్పిన వర్ధన్నపేట అన్న పేరును ఆ ముసలమ్మ రెండు మూడు సార్లు నెమ్మదిగా పలికి చూసుకుంది.

తిరిగొచ్చాక సంఘం ముందు చెప్పమన్నారు. తండ్రి సమాధి సంగతి చెప్పాను, పాస్టరయ్యను అడిగి ఆయన ఒప్పుకున్నంత మేరకే. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మా పెద్దమనిషి అంతా విని, "మరి బాప్తిస్మాలు ఎన్నయినయక్కా?" అని అడిగాడు. అడగలేదన్నాను. ఆయనకు కోపమొచ్చింది. పిడికెడు పిడికెడు కూడబెట్టిన బియ్యానికి ఎవరో ఒకరు లెక్క అడగాలి కదా అన్నాడు. ఆ కోపం మంచిదేనని నాకు తెలుసు. ఆయన భార్య డబ్బా ఏ ఆదివారమూ ఖాళీగా రాదు. ఆ ఫైలు పక్కకు జరపకపోతే మేం వినేది ఒక్క లెక్కేనని ఆయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. వానాకాలం వడ్లు అమ్ముడయ్యాక ఈ ప్రయాణం మాట మళ్లీ సంఘం ముందు పెడతాను. ఈసారి నాతో ఆయన్నే రమ్మని అడుగుతాను.