ముందు బయటికి రండి, తర్వాత ఆలోచిద్దాం

నాన్నా, అమ్మాయీ,

జులైలో అమ్మానాన్నలనూ పిల్లలనూ తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్తున్నారని, హోటళ్ల బదులు ఇల్లులా అమర్చిన బండి, అదే ఆర్.వి., అద్దెకు మాట్లాడుతున్నారని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషించాను. పెద్దవాళ్లు నడుం వాల్చడానికి మంచం, ఎక్కడ ఆగితే అక్కడే బాత్‌రూమ్, మూడు పూటలా ఇంటి వంట. వాళ్ల వయసుకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం ఉండదు.

బండి ఎలా తిప్పాలో, ఎలా వెనక్కి తీయాలో అద్దెకిచ్చేవాళ్లే చూపిస్తారు. ఒక్క విషయం మాత్రం వాళ్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు, హడావిడిలో మీరూ తలూపేస్తారు. చాలా ఏళ్లుగా ఆర్.వి. నడుపుతున్న పెదనాన్నగా దాన్ని నేను నింపాదిగా చెబుతాను. అది కార్బన్ మోనాక్సైడ్ సంగతి.

ప్రొపేన్, పెట్రోలు, డీజిల్, బొగ్గు, కట్టె, వీటిలో ఏది మండినా ఈ వాయువు ఎంతో కొంత పుడుతుంది. గాలి చాలక మంట సరిగా మండకపోతే ఎక్కువ పుడుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ప్రొపేన్ లీకైతే ముక్కు పసిగడుతుంది. మన ఊళ్లో గ్యాస్ బండలోలాగే దానికీ కావాలని దుర్వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్ మంట దగ్గరే పుట్టే వాయువు కాబట్టి ఇందులో వాసన కలిపేవాళ్లెవరూ లేరు.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లన్నీ ఆపేసినట్టు, కొద్దిపాటి వాయువే రక్తంలో చోటంతా ఆక్రమించేస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకూ గుండెకూ మాత్రం ఆక్సిజన్ అందదు. మెదడు మందగించేసరికి, ప్రమాదంలో ఉన్నామని తెలుసుకోవాల్సిన బుద్ధే ముందు దెబ్బతింటుంది. లేచి తలుపు తీయాలన్న ఆలోచన రాదు, వచ్చినా కాళ్లు సహకరించవు. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి కూడా తెలియకుండానే అంతా అయిపోవచ్చు.

అందుకే మన బదులు మేలుకొని ఉండే యంత్రం ఒకటి కావాలి. అది మోగినప్పుడు మన తెలివిని కాసేపు పక్కనపెట్టి దాని మాట వినాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణే.

అమెరికాలో అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, కేవలం ఈ విషవాయువు వల్ల పొరపాటున చనిపోయేవాళ్లు ఏటా 400 మందికి పైగా ఉంటారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. లక్ష మందికి పైగా ఎమర్జెన్సీకి వెళ్తున్నారు. మన దేశంలోనూ ఇది జరిగింది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. కాలికట్ ఎన్.ఐ.టి. నిపుణులు అదే బండిలో జెనరేటర్ నడిపి చూశారు. కింద ఉన్న రంధ్రం గుండా పొగ లోపలికి చేరి, రెండు గంటల్లోనే కార్బన్ మోనాక్సైడ్ 900 పీపీఎం దాటింది. అంటే పది లక్షల పాళ్ల గాలిలో 900 పాళ్లకు పైగా ఆ విషమే. జెనరేటర్ చెడిపోనక్కర్లేదు, చక్కగా నడుస్తూనే ప్రాణం తీయగలదు.

కాబట్టి ముందు జెనరేటర్ సంగతి. ఎల్లోస్టోన్ పార్కు లోపల కరెంటు హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మిగతా చోట్ల జెనరేటర్‌ను అనుమతించినా రాత్రి 8 తర్వాత వేయనివ్వరు, అది మన మేలుకే. నా భయమంతా దారిలో ఆగే రాత్రుల గురించి. ఏ ట్రక్ స్టాప్‌లోనో, స్టోరు పార్కింగ్‌లోనో ఆగుతారు. ఉక్కగా ఉంటుంది, పిల్లలకు నిద్రపట్టదు, ఏసీ కోసం జెనరేటర్ వేసి పడుకుందామనిపిస్తుంది. వద్దు. జెనరేటర్ నడుస్తుండగా ఎవరూ నిద్రపోకూడదని మన ఇంటి నియమంగా పెట్టుకోండి. వేడి ఎక్కువగా ఉండే చోట నలభై యాభై డాలర్లు ఎక్కువైనా హుకప్ ఉన్న సైటే తీసుకోండి.

పగలు జెనరేటర్ వేసినప్పుడు దాని పొగగొట్టం ఎటువైపు ఉందో దిగి చూడండి. గోడకో, పొదకో, గడ్డి దిబ్బకో దగ్గరగా బండి ఆపితే పొగ తిరిగి బండి కిందికే వస్తుంది. ఆ వైపు కిటికీలు మూసేయండి. ముఖ్యంగా పైకప్పు ఫ్యాను వేసి, పొగగొట్టం దగ్గరి కిటికీ తెరిచి ఉంచితే, ఆ ఫ్యానే పొగను లోపలికి లాగుతుంది. గాలి కోసం చేసిన పని విషాన్ని పిలిచినట్టవుతుంది. పక్క బండివాళ్ల జెనరేటర్ మీ కిటికీకి ఎదురుగా ఉంటే మొహమాటపడకండి. మర్యాదగా అడగండి, కుదరకపోతే మీరే చోటు మారండి. విడి జెనరేటర్ వెంట తీసుకెళ్తే దాన్ని కనీసం 20 అడుగుల దూరంలో, పొగ మీ వైపు రాకుండా అవతలికి పోయేలా పెట్టండి.

బండి నడిచేటప్పుడు వెనక కిటికీ తెరవకండి. ఇంజను పొగ బండి వెనకాల సుడి తిరిగి అక్కడినుంచే లోపలికొస్తుంది. పిల్లలను వెనక పడకగదిలో పడుకోబెట్టి నడపడం ఎలాగూ తగదు. వాళ్లు సీటు బెల్టుతో మీ వెనకే కూర్చోవాలి.

ఇక పొయ్యి. పార్కులో చాలా భాగం 7,500 అడుగుల ఎత్తుకు పైనే ఉంటుంది. జులైలో కూడా రాత్రిళ్లు ఎముకలు కొరుకుతాయి. మీ అమ్మకు చలి పడదు. కిటికీలన్నీ బిగించి, స్టవ్ రెండు బర్నర్లూ వెలిగించి కాసేపు వెచ్చబడనిద్దాం అంటుంది. అమ్మాయీ, ఆ మాట నువ్వే ప్రేమగా ఆపాలి. చిన్నప్పుడు ఆమె చలి కాచుకున్న కుంపటి పెంకుటింట్లో ఉండేది. పెంకుల సందుల్లోంచి, కిటికీ చెక్కల సందుల్లోంచి గాలి ఆడుతూ ఉండేది. ఆర్.వి. ఓ చిన్న డబ్బా, సందు లేకుండా కట్టింది. దాన్ని వెచ్చబరిచే ఫర్నేస్ బయటి గాలితో మండి, పొగను బయటికే వదిలేలా తయారైంది. స్టవ్‌కు అలాంటి గొట్టమేమీ లేదు, దాని మంట నుంచి వచ్చేదంతా మన మధ్యే ఉండిపోతుంది. అందుకే వంటకు మాత్రమే స్టవ్. పప్పు ఉడుకుతున్నంతసేపు పైన ఫ్యాను తిరగాలి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉండాలి. చలికి ఫర్నేస్ వేయండి, రగ్గులు ఎక్కువ పట్టుకెళ్లండి. సాయంత్రం బార్బెక్యూ చేసుకున్నాక నిప్పులు మిగిలాయని ఆ గ్రిల్‌ను లోపలికి తేవద్దు. బూడిద కప్పిన బొగ్గు కూడా ఈ వాయువును వదులుతూనే ఉంటుంది.

ఫర్నేస్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. బయట దాని పొగ రంధ్రంలో కందిరీగలు గూళ్లు కడతాయి. లోపలి లోహపు గది పగిలితే పొగ వెచ్చని గాలితో కలిసి మంచం దగ్గరికే వస్తుంది. బండి తీసుకునే రోజు టార్చిలైట్‌తో ఆ రంధ్రంలోకి చూడండి. చివరిసారి ఫర్నేస్ ఎప్పుడు తనిఖీ చేయించారో అడగండి. సరైన జవాబు రాకపోతే వేరే బండి అడగండి.

ఇప్పుడు అలారం. బండిలో మూడు ఉంటాయి: పొగకు, ప్రొపేన్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు. చివరి రెండూ ఒకే డబ్బాలో ఉండొచ్చు. ప్రొపేన్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది కాబట్టి దాని డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ బరువులో ఇంచుమించు గాలిలాంటిదే, గదంతా కలిసిపోతుంది. దాన్ని పసిగట్టే అలారం పడుకునేచోట ఉండాలి.

ఆ డబ్బాను తీసి వెనక్కి తిప్పి తేదీ చూడండి. లోపలి సెన్సర్‌కు ఆయుష్షు ఉంటుంది. సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్లు, కొన్నిటికి పదేళ్లు. పచ్చ లైటు వెలుగుతోంది కదా అనుకోకండి, గడువు దాటిన సెన్సర్‌కు వాయువును పసిగట్టే శక్తి ఉందని ఆ లైటు హామీ ఇవ్వదు. టెస్ట్ బటన్ నొక్కితే మోత, కరెంటు బాగున్నాయని మాత్రమే తెలుస్తుంది. కొన్ని అలారాలు బండి బ్యాటరీ మీద నడుస్తాయి. మెయిన్ స్విచ్ ఆపితే అవీ ఆగిపోతాయి. అందుకే మీ సొంతది ఒకటి, బ్యాటరీతో నడిచేది, అంకె చూపించేది కొనుక్కోండి. డబ్బా మీద యు.ఎల్. 2034 అని, ఆర్.వి.లకు తగినదని రాసి ఉండాలి. బండి కుదుపులకూ వేడికీ చలికీ తట్టుకునేలా పరీక్షించింది అదే. ఒక పూట రెస్టారెంటు ఖర్చులో అయిపోతుంది.

ఆ అంకె ఎందుకో చెబుతాను. ఆ యు.ఎల్. 2034 అనే ప్రమాణం ప్రకారం 70 పీపీఎం ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి. 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. ఊరికే మోగి విసిగించకూడదని అలా పెట్టారు. అంటే అది మోగిందంటే మీ రక్తంలోకి విషం చేరడం అప్పటికే మొదలై ఉండొచ్చు. మోగలేదంటే గాలి పూర్తిగా శుభ్రమని కూడా అర్థం కాదు. మీ నాన్నకు గుండెలో స్టెంట్ ఉంది. తక్కువ మోతాదు కూడా అలాంటివాళ్లకు చేటే. తెరమీద చిన్న అంకె కనిపించినా తలుపులు తీసి, కారణం వెతకండి.

మన ఇళ్లలో ఒక అలవాటుంది. తిరగమోతకు పొగ అలారం అరుస్తుందని దానికి ప్లాస్టిక్ కవరు కడతాం, బ్యాటరీ పీకేస్తాం. ఆ చెయ్యి ఈ డబ్బా మీదికి వెళ్లకూడదు. మోతలోనే తేడా ఉంది. పొగ అలారం మూడు మోతలు మోగి ఆగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం నాలుగు మోగి ఆగుతుంది. నిమిషానికోసారి కిచ్‌మంటే బ్యాటరీనో, ఆయుష్షో అయిపోయిందని. ఏ మోతో తేల్చుకోలేకపోతే ఆలోచిస్తూ నిలబడకండి, బయటికి రండి.

నాలుగు మోతలు వినిపిస్తే అర్ధరాత్రయినా, వాన పడుతున్నా అందరూ దిగాలి. పిల్లలను ఎత్తుకోండి, పెద్దవాళ్లను చెయ్యి పట్టి దించండి, తలుపు బార్లా తీసి వదిలేయండి. పాస్‌పోర్టులకనీ మందులకనీ ఎవరూ తిరిగి ఎక్కకూడదు. గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి తలలు లెక్కపెట్టండి, 911కు ఫోన్ చేయండి. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకని చేరిన సాయంత్రమే క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్ ఎక్కడుంటారో, అత్యవసరంలో ఎవరిని లేపాలో కనుక్కోండి. ఫైర్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు మీటరు పెట్టి చూసి, పర్లేదన్నాకే మళ్లీ ఎక్కాలి.

అలారం మోగకపోయినా ఒంటి మీద ఒక కన్నుండాలి. తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, తికమక, ఇవీ లక్షణాలు. ఇక్కడే మోసపోతాం. అమ్మకు జెట్‌లాగ్ అంటాం, నాన్నకు ఎత్తు పడలేదంటాం, పిల్లలకు బయటి తిండి పడలేదంటాం. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, జ్వరం లేకుండా ఉండి, బయట తిరిగితే తగ్గి లోపలికొస్తే మళ్లీ మొదలైతే, బండినే అనుమానించండి.

కోవిడ్ నాటినుంచి మీ నాన్న సంచిలో పల్స్ ఆక్సీమీటర్ ఉంటుంది. ఈ విషయంలో దాన్ని అసలు నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టుకున్నదిగా పొరబడుతుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా తెర మీద 98 చూపించగలదు. ఆస్పత్రికి వెళ్తే కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని మీరే నోరు తెరిచి చెప్పండి. దానికి వేరే రక్తపరీక్ష ఉంది. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్ పెడితే గంట గంటన్నరలో తగ్గుతుంది. కొందరికి మతిమరుపు లాంటి ఇబ్బందులు వారాల తర్వాత బయటపడతాయి. కాబట్టి ఇప్పుడు బాగానే ఉందని వైద్యం ఎగ్గొట్టకండి.

ఇవన్నీ చదివి ప్రయాణం మానుకోవద్దు. ఇన్నేళ్లుగా నేను హాయిగా తిరుగుతున్నాను, మీరూ తిరగాలి. బయల్దేరే రోజు ఇంటిల్లిపాదినీ లోపల కూర్చోబెట్టి టెస్ట్ బటన్ నొక్కండి. ఆ నాలుగు మోతలు చిన్నవాడికీ వినిపించాలి, వినికిడి తగ్గిన మీ నాన్నకూ వినిపించాలి. ఆయనకు వినబడకపోతే రాత్రి ఆయన్ను లేపే బాధ్యత ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. ఏ తలుపులోంచి దిగాలో, దిగి ఎక్కడ కలవాలో ఒకసారి అందరూ దిగి చూసుకోండి. అది పూర్తయిందని నాకు ఫోన్ చేశాకే బండి కదపండి. క్షేమంగా వెళ్లి రండి.

మీ పెదనాన్న